వాలెంటైన్స్ డేకి ఇంట్లో గులాబీల అలంకరణ: రేకులకి వేరే పూలు, కాడలకి వేరే పూలు కొనండి

పెళ్లయ్యాక మొదటి వాలెంటైన్స్ డే, హైదరాబాద్‌లో రెండు బెడ్‌రూమ్‌ల ఫ్లాట్, అమ్మానాన్న మీతోనే ఉంటారు, ఇల్లు గులాబీలతో అలంకరించి మీ ఆవిడని ఆశ్చర్యపరచాలని ఉంది, ఎక్కడ కొనాలి, ఎన్ని కొనాలి, ఏ రంగుకి ఏం అర్థం అని అడిగారు. మాది పూల డెకరేషన్ పని. నాన్న పెళ్లి పందిళ్లకి చేసేవారు, ఇప్పుడు నేనూ తమ్ముడూ చూసుకుంటున్నాం, శోభనం మంచాల దగ్గర్నుంచి మ్యారేజ్ డేల దాకా చేస్తుంటాం, అందుకే మీ ప్రశ్న చూశాక జవాబు రాయకుండా ఉండలేకపోయాను.

అన్నిటికంటే ముందు చెప్పాల్సింది ఇది. పొడుగు కాడల డచ్ గులాబీలు కొని వాటి రేకులు తుంచి మంచం మీద చల్లకండి. ప్రతి ఫిబ్రవరిలో ఎవరో ఒకరు మా దగ్గర అదే చేయమంటారు, నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ఆ పువ్వు అందమంతా నిటారుగా నిలబడి రోజుకి కొంచెం చొప్పున విచ్చుకోవడంలో ఉంది, పైగా దానికి వాసన దాదాపు ఉండదు, ఎందుకంటే ఎక్కువ రోజులు నిలవడానికి, దూరాలు ప్రయాణం చేయడానికి తయారుచేసిన రకాలవి. రేకులు కావాలంటే మార్కెట్‌లో కిలోల లెక్కన అమ్మే విడి గులాబీలు కొనండి, దండలకి వాడే పూలు. అందులో నాటు గులాబీ దొరికితే వదలకండి, గదిలోకి అడుగుపెట్టగానే తెలిసిపోతుంది వాసన. కిలో పూలు తెస్తే డబుల్‌కాట్‌కి చల్లగా ఇంకా మిగులుతాయి. కాడ గులాబీలు ఒక్క కట్ట చాలు, మామూలుగా కట్టకి ఇరవై ఉంటాయి.

ఎక్కడ అంటే హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి గుడిమల్కాపూర్ పూల మార్కెట్టే. తెల్లారుజామున వెళ్లండి, చేవెళ్ల, మొయినాబాద్ వైపు పాలీహౌస్‌ల సరుకు, బెంగళూరు, తమిళనాడులోని హోసూరు వైపు నుంచి వచ్చే సరుకు అప్పటికే దిగి ఉంటుంది. అట్టలో చుట్టిన కట్టలు వరసగా పేర్చి ఉంటాయి, మొగ్గ మొగ్గకీ తెల్లటి వల తొడుగు ఉంటుంది, అది ఉంది కదా అని పువ్వు చూడకుండా కొనేయకండి. వల పక్కకి లాగి, మొగ్గ అడుగున, అంటే కాడకి పైన ఉబ్బుగా ఉండే చోట, రెండు వేళ్లతో మెల్లగా నొక్కి చూడండి. గట్టిగా ఉంటే తాజాది. మెత్తగా లోపలికి పోతే అది చాలా రోజులుగా కోల్డ్ స్టోరేజీలో ఉన్నదని అర్థం, మీ ఇంటికొచ్చిన మర్నాడే తల వాల్చేస్తుంది. బయటి రేకు ఒకటి రెండు ఆకుపచ్చగా, నల్లటి అంచుతో ఉంటే కంగారుపడక్కర్లేదు, అవి లోపలి రేకులకి కాపుదల, ఇంటికొచ్చాక తీసేస్తే లోపల పువ్వు శుభ్రంగా ఉంటుంది. గోదావరి జిల్లాల వాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే మీకు కడియపులంక మార్కెట్ ఉండనే ఉంది.

రేటు గురించి టెన్షన్ పడుతున్నారు కదా. ఫిబ్రవరి 7న రోజ్ డే అని మొదలుపెట్టి వారమంతా ఏదో ఒక డే చేసుకుంటున్నారు మన పిల్లలు, అప్పటినుంచే రేటు ఎక్కుతుంది. దానికి తోడు మాఘమాసం పెళ్లిళ్లు కూడా చాలా ఏళ్లు ఇదే రోజుల్లో పడతాయి. ఇంకో కారణం హోసూరు. అక్కడి రైతులు, వాళ్లలో తెలుగు మాట్లాడేవాళ్లు కూడా చాలామంది, తాజ్‌మహల్ అనే ఎర్ర రకం పెంచుతారు, డిసెంబర్‌లోనే కొమ్మలు కత్తిరించి, వంచి, పూత సరిగ్గా జనవరి ఆఖరికి, ఫిబ్రవరి మొదటి వారానికి వచ్చేలా లెక్క వేసుకుంటారు. అందులో మంచి పొడుగు కాడలు విదేశాలకి వెళ్లిపోతాయి, మిగిలింది మన మార్కెట్లకి. కాబట్టి 13 సాయంత్రం వీధి చివర షాపులో కొంటే డబ్బు ఎక్కువ, పువ్వు తక్కువ. 12 పొద్దున కొని ఇంట్లో నిలవ పెట్టుకోవడమే మేలు. మొగ్గగా కొంటే 14 సాయంత్రానికి సగం విచ్చుకుని చూడ్డానికి ఎలా ఉండాలో అలా ఉంటాయి.

నిలవ పెట్టడం పెద్ద విద్యేం కాదు, కాకపోతే శ్రద్ధగా చేయాలి. ఇంటికి రాగానే కాడ చివర ఒక అంగుళం మేర ఏటవాలుగా, వీలైతే నీళ్లలోనే ముంచి పట్టుకుని కొయ్యండి. బయట కోస్తే కాడలోకి గాలి బుడగ దూరుతుంది, నీళ్లు పైకి ఎక్కవు, మెడ వంగిపోయేది చాలాసార్లు దాంతోనే. నీళ్లలో మునిగే భాగంలో ఆకులు ఒక్కటి కూడా ఉండకూడదు, కుళ్లి నీళ్లు పాడవుతాయి. ముళ్లు కాడ కింది భాగంలో తీస్తే చాలు, చెక్కు లేచేలా గీకొద్దు. శుభ్రమైన స్టీల్ బకెట్‌లో సగం నీళ్లు, ఫ్యాన్ గాలి, ఎండ తగలని మూల, రోజూ నీళ్లు మార్చడం, అంతే. పళ్ల బుట్ట పక్కన మాత్రం పెట్టకండి, ముఖ్యంగా అరటిపళ్లు, పళ్లు పండేటప్పుడు వచ్చే వాయువుకి పువ్వులు తొందరగా వడిలిపోతాయి. అందుకే పళ్లూ కూరగాయలూ ఉన్న ఫ్రిజ్‌లో కూడా కాడ గులాబీలు పెట్టొద్దంటాను. ఏదైనా ఒకటి మెడ వాల్చితే పారేయకండి. మళ్లీ కాడ కోసి, పువ్వుతో సహా న్యూస్‌పేపర్‌లో బిగుతుగా చుట్టి, గోరువెచ్చని నీళ్లలో మెడ దాకా నిలబెట్టండి. గంటా రెండు గంటల్లో చాలావరకు లేచి నిలబడతాయి.

ఇక అలంకరణ. ఇల్లంతా చేయొద్దు. అమ్మానాన్న ఉన్న ఇంట్లో హాలు నిండా గుండె ఆకారాలు పెడితే మీ ఆవిడే ఇబ్బంది పడుతుంది, కొత్త కోడలు కదా. బాల్కనీ గానీ, మీ గదిలో కిటికీ పక్కన గానీ ఒక్క చోటు ఎంచుకోండి, అక్కడ చిన్న టేబుల్, దాని మీద పూలు, వెనక సన్నటి లైట్ల తీగ. ఆ ఒక్క చోటునే నిండుగా చేయండి.

ఇంట్లో ఇత్తడి గంగాళం గానీ వెడల్పాటి పళ్లెం గానీ ఉంటే దానికి మించినది లేదు. నీళ్లు పోసి, బాగా విచ్చుకున్న గులాబీలని కాడ అంగుళం మిగిల్చి కోసి తేలనివ్వండి, మధ్యమధ్య తేలే దీపాలు. పూర్తిగా విచ్చుకున్న పూలు బొకేలకి పనికిరావని అమ్మేవాళ్లు చవగ్గా ఇచ్చేస్తారు, అడిగి తీసుకోండి. కాడ గులాబీలకి ఫ్లోరల్ ఫోమ్, అంటే కాడలు గుచ్చే స్పాంజి లాంటి దిమ్మ, కొనక్కర్లేదు, అది మట్టిలో కలవదు, నాకు అసలు ఇష్టం ఉండదు. ఇంట్లో ఉన్న ఎత్తు గ్లాసులు, చెంబులు నాలుగైదు పెట్టి ఒక్కోదానిలో రెండో మూడో కాడలు పెడితే కొన్ని పూలే బోలెడన్ని ఉన్నట్టు కనిపిస్తాయి. కొవ్వొత్తులకీ కర్టెన్లకీ మధ్య దూరం చూసుకోండి.

మంచం మీద రేకులు వేయాలనే ఉంటే తెల్ల దుప్పటి మీద ఎర్ర రేకులు వేయొద్దు. నలిగితే ఊదారంగు మరక దిగుతుంది, ఉతికినా పూర్తిగా పోదు, ఆ ఫోన్ మర్నాడు మాకు వస్తుంది. లేత గులాబీరంగు రేకులు వేయండి, లేదా పైన పాత చీర ఏదైనా పరిచి దాని మీద చల్లండి. నేల మీద, ముఖ్యంగా మార్బుల్ మీద చల్లితే కాలు జారుతుంది, పెద్దవాళ్లు తిరిగే ఇల్లు కాబట్టి నడిచే దారిలో వద్దు. రేకులు ముందే తుంచి ఉంచకండి, పూలని తడి గుడ్డలో చుట్టి పెట్టుకుని సాయంత్రం చల్లే ముందు తుంచండి. నా మాట వింటే మల్లె మొగ్గలు దొరికితే ఒక మూర కలపండి. శోభనం గదికి మన పెద్దవాళ్లు మల్లెలూ గులాబీలూ కలిపి కట్టింది ఊరికే కాదు, ఒకటి రంగుకి, ఒకటి వాసనకి.

సంప్రదాయాల గురించి అడిగారు. గులాబీని ప్రేమదేవతకి కట్టబెట్టింది గ్రీకులు, రోమన్లు, అఫ్రొడైటీ, వీనస్‌లకి అది ప్రియమైన పువ్వు. ఫిబ్రవరి 14 వాలెంటైన్ అనే క్రైస్తవ అమరవీరుడి రోజుగా మొదలై, ఇంగ్లండ్‌లో 14వ శతాబ్దపు కవుల దగ్గర ప్రేమికుల రోజైంది, 1969లో కాథలిక్ చర్చి దాన్ని తన సాధారణ క్యాలెండర్ నుంచి తీసేసినా జనం వదల్లేదు. జపాన్‌లో ఆ రోజు ఆడవాళ్లు మగవాళ్లకి చాక్లెట్లు ఇస్తారు, మగవాళ్ల వంతు మార్చి 14న. స్పెయిన్‌లో కాటలోనియా వాళ్లది నాకు అన్నిటికంటే నచ్చింది, ఏప్రిల్ 23న గులాబీతో పాటు పుస్తకం ఇచ్చుకుంటారు, బార్సిలోనాలో కాసా బాట్లో అనే పాత భవనం బాల్కనీలన్నీ ఎర్ర గులాబీలతో నింపేస్తారు. పనిలో ఉన్నదాన్ని కదా, ఆ ఫొటోలు చూసినప్పుడల్లా అన్ని పూలు ఎలా నిలబెట్టారా అని కళ్లు అక్కడే ఆగిపోతాయి.

రంగులకి పాశ్చాత్య దేశాల లెక్కలో ఎరుపు ప్రేమకి, పసుపు స్నేహానికి అంటారు. దాన్ని పట్టుకుని పసుపు గులాబీలు వద్దనుకోకండి, మన ఇళ్లలో పసుపు శుభమే, ఆవిడకి ఏ రంగు ఇష్టమో అదే కొనండి. లెక్క విషయానికొస్తే అమెరికాలో డజను ఇస్తారు, రష్యాలో సరిసంఖ్య చావు ఇంటికి తీసుకెళ్లేదని బేసి సంఖ్యే ఇస్తారు. నన్నడిగితే పదకొండు బాగుంటుంది. అంటే కట్టలో పదకొండు ఆవిడ చేతికి, మిగతావి టేబుల్ మీద గ్లాసుల్లోకి, అందులోంచి ఒకటి మీ అమ్మగారికి పొద్దున్నే ఇచ్చేయండి, ఆ రోజంతా ఇంట్లో ఎవరికీ మొహమాటం ఉండదు.

చివరిగా ఒక జాగ్రత్త. కేక్ మీద, పాయసంలో ఈ రేకులు వేయొద్దు. మార్కెట్‌కి వచ్చే గులాబీలకి పురుగుమందులు కొట్టి ఉంటారు, కడిగినా నమ్మలేం. తినేదాని మీద వేయాలంటే మందు కొట్టని మీ కుండీలో పూసిన పువ్వైతేనే. మీ బాల్కనీ ఎంత వెడల్పు ఉంటుందో, సాయంత్రం ఎండ పడుతుందో లేదో కింద రాస్తే టేబుల్ ఎటువైపు వేస్తే బాగుంటుందో చెప్తాను.