వాటాలన్నీ ఒకే కుటుంబానివైతే బీమా హోల్డింగ్ కంపెనీకి నియంత్రణ ఎందుకు?

అమెరికాలో కొద్దిమంది చేతుల్లోనే వాటాలున్న బీమా హోల్డింగ్ కంపెనీలను (అంటే బీమా కంపెనీలకు యజమానులైన మాతృసంస్థలను) రాష్ట్ర నియంత్రణ నుంచి మినహాయిస్తే తప్పేమిటని, బయటి వాటాదారులే లేనప్పుడు రాష్ట్రానికి సమర్పించే ఈ నివేదికలన్నీ ఎవరి కోసమని మీరు అడిగారు. అవి పాలసీదారుల కోసం. అటువంటి ఒక కంపెనీ లెక్కల విభాగంలో తొమ్మిదేళ్లు పనిచేసిన అనుభవంతో, మినహాయింపు ఇవ్వనే కూడదని చెబుతున్నాను.

మధ్యపశ్చిమ రాష్ట్రాల్లో ఒకచోట కార్లకు బీమా ఇచ్చే చిన్న కంపెనీ అది. పైనున్న హోల్డింగ్ కంపెనీలో వాటాలన్నీ ఇద్దరు అన్నదమ్ములవి, వారి తల్లివి. పాలసీలు రాయడం, ప్రీమియం వసూలు చేయడం వంటి పనులను ఆ అన్నదమ్ములదే అయిన మరో సంస్థ చూసుకుని, ప్రీమియంలో 14 శాతాన్ని నిర్వహణ రుసుముగా తీసుకునేది. ఒక అక్టోబరులో ఆ అన్నదమ్ముల్లో పెద్దాయన ఆ రుసుమును 20 శాతానికి పెంచుతూ రాయించిన ఒప్పందాన్ని నా బల్ల మీద పెట్టారు. ఇటువంటి ఒప్పందం కుదుర్చుకోవాలంటే కనీసం 30 రోజుల ముందు ఫారం డి ద్వారా రాష్ట్ర బీమా శాఖకు తెలపాలి. తెలిపాము. పది రోజులకు అక్కడి అధికారిణి నుంచి ఒకే ఒక ప్రశ్న వచ్చింది: ఇంతవరకు చేయని ఏ పనిని ఆ సంస్థ ఇకమీదట చేయబోతోంది?

జవాబు కోసం రెండు వారాలు బిల్లులు తిరగేశాను. కొత్తగా చేరిన ఉద్యోగి ఒక్కరూ లేరు. కొత్త ఖర్చంటూ కనబడింది ఒక్కటే, పెద్దాయనకు సరస్సు ఒడ్డున ఉన్న ఇంటి పైకప్పు మరమ్మతు బిల్లు, అదీ ‘కార్యాలయ నిర్వహణ’ పద్దులో. ఒప్పందాన్ని వెనక్కి తీసుకున్నారు. మరుసటి వసంతంలో వడగళ్ల వాన కురిసింది. సొట్టలు పడిన కార్ల ఫొటోలు, పరిమాణం తెలియడానికి ప్రతి సొట్ట పక్కన పెట్టిన పావు డాలరు నాణెం, అవే రోజుల తరబడి నా కళ్లముందు కదిలాయి. క్లెయిములన్నీ చెల్లించగలిగాము. ఆ ఆరు శాతం వెళ్లిపోయి ఉంటే చెల్లించగలిగేవాళ్లం కాదని ఈనాటికీ నా నమ్మకం.

2008 డిసెంబరులో సత్యం సంస్థ 160 కోట్ల డాలర్లు పెట్టి, తన ఛైర్మన్ కుటుంబానివే అయిన మేటాస్ కంపెనీలను కొంటామని ప్రకటించినప్పుడు, మదుపరులు గగ్గోలు పెట్టడంతో ఒక్కరోజులోనే ఆ ప్రయత్నం ఆగిపోయింది. అక్కడ బయటి వాటాదారులున్నారు కనుక ఆగింది. వాటాలన్నీ ఇంట్లోనే ఉంటే గగ్గోలు పెట్టేది ఎవరు? మా కంపెనీలో ఆ అధికారిణి తప్ప ఎవరూ లేరు.

ఇక మార్టిన్ ఫ్రాంకెల్ సంగతి చూడండి. 1991లో ఒక ట్రస్టు ముసుగులో టెనెసీలోని ఫ్రాంక్లిన్ అమెరికన్ లైఫ్‌ను చేజిక్కించుకుని, తరువాత ఇతర రాష్ట్రాల చిన్న కంపెనీలనూ కలుపుకుని, 20 కోట్ల డాలర్లకు పైగా సొమ్మును దారి మళ్లించి, చివరికి 1999లో జర్మనీలో పట్టుబడ్డాడు. పది శాతం ఓటుహక్కు ఉన్నా చాలు, కంపెనీపై అదుపు ఉన్నట్లు భావించి వివరాలు అడిగే చట్టాలు ఉండగానే అంత జరిగింది. అడగడమే మానేస్తే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు.

చిన్న కంపెనీలకు కాగితాల భారం ఎక్కువన్న మాట నిజమే, ఆ కాగితాలు నింపినవాణ్ణి నేనే. అయితే ఊరట పరిమాణాన్ని బట్టి ఇవ్వాలి. నష్టభయాలను సొంతంగా అంచనా వేసి ఏటా సమర్పించే నివేదిక విషయంలో, ప్రీమియం 50 కోట్ల డాలర్లలోపు, గ్రూపు మొత్తానికి 100 కోట్లలోపు ఉన్నవారికి రాష్ట్రాల బీమా కమిషనర్ల సంఘం రూపొందించిన నమూనా చట్టంలోనే మినహాయింపు ఉంది. యజమానులు బంధువులన్న కారణంతో ఇచ్చే ఊరటకు మాత్రం నేను ఒప్పుకోను.

నాకున్న మరో బాధ, ఫారం డి వంటి పత్రాలను గోప్యంగా ఉంచుతారు కనుక పాలసీదారుడికి అవి కంటబడవు. వారాంతాల్లో మన తెలుగు ఇళ్లకు వచ్చి యాన్యుటీలు (క్రమం తప్పకుండా ఆదాయమిచ్చే బీమా పథకాలు) అమ్మే ఏజెంట్లు కలిసినప్పుడల్లా, వాటిని ఇచ్చే బీమా కంపెనీ పైనున్న హోల్డింగ్ కంపెనీ ఎవరిదని అడుగుతుంటాను. ఇంతవరకు ఒక్కరూ చెప్పలేకపోయారు.