ఎండోమెట్రియోసిస్ ఉంటే సహజంగా గర్భం వస్తుందా?

ప్రశ్న: నా వయసు 31 ఏళ్ళు. ఎడమ అండాశయంలో చాక్లెట్ సిస్ట్ (పాత రక్తం నిండిన తిత్తి) ఉందని ఎనిమిది నెలల క్రితం ల్యాపరోస్కోపీ చేసి తొలగించారు. ఎండోమెట్రియోసిస్ ఉన్నట్లు అప్పుడే తెలిసింది. కొంతకాలం సహజంగా ప్రయత్నించమని డాక్టరు గారు అన్నారు గాని, ఎంతకాలమో చెప్పలేదు. నాకు నెలసరి 31 రోజులకు ఒకసారి క్రమం తప్పకుండా వస్తుంది. ప్రతి నెలా పద్నాలుగో రోజున కలుస్తున్నాము. నెల మధ్యలో కూడా పొత్తికడుపులో నొప్పి వస్తే మెఫెనమిక్ యాసిడ్ మాత్రలు వేసుకుంటున్నాను. ముందు మూడు నెలలు ఇంజెక్షన్లు వేయించుకుని జబ్బును అణచివేస్తే గర్భం త్వరగా వస్తుందని తెలిసినవారు చెబుతున్నారు. ఇంకా ఎదురుచూడాలా, ఐవీఎఫ్‌కు వెళ్ళాలా?
- ఒక పాఠకురాలు

జవాబు: ఈ జబ్బు ఉన్న స్త్రీలలో ఎందరికో ఏ చికిత్సా లేకుండానే గర్భం వస్తుంది. అయితే అవకాశం తగ్గుతుందన్నది కూడా నిజమే. ఏ సమస్యా లేని దంపతులకు నెలకు 15 నుంచి 20 శాతం అవకాశం ఉంటే, చికిత్స తీసుకోని ఎండోమెట్రియోసిస్‌లో అది 2 నుంచి 10 శాతం వరకు ఉంటుందని అంచనా. గర్భాశయం లోపలి పొరను పోలిన కణజాలం బయట పెరిగి, ప్రతి నెలసరికీ వాచి, చుట్టుపక్కల భాగాలను ఒకదానికొకటి అతుక్కునేలా చేస్తుంది. అప్పుడు అండాశయం నుంచి విడుదలైన అండాన్ని అండవాహిక కొస అందుకోవడం కష్టమవుతుంది. మీకు శస్త్రచికిత్స జరిగింది కాబట్టి, ఆ తరువాతి నెలలు విలువైనవి. వాటిని లెక్క లేకుండా గడిచిపోనివ్వకూడదన్నదే నా ప్రధానమైన మాట.

ముందుగా ఆ పద్నాలుగో రోజు సంగతి చూద్దాము. అండం పద్నాలుగో రోజున విడుదల కావడం 28 రోజుల నెలసరికి వర్తించే లెక్క. సాధారణంగా తరువాతి నెలసరికి సుమారు 14 రోజుల ముందు అండం విడుదలవుతుంది కాబట్టి, మీ 31 రోజుల చక్రంలో అది పదిహేడో రోజు ప్రాంతంలో జరగాలి. విడుదలైన అండం 12 నుంచి 24 గంటలే జీవించి ఉంటుంది, వీర్యకణాలు మాత్రం స్త్రీ శరీరంలో ఐదు రోజుల వరకు నిలవగలవు. అందువల్ల మీకు పన్నెండో రోజు నుంచి పదిహేడో రోజు వరకు ఉన్న ఆరు రోజులూ ముఖ్యమే, వాటిలోనూ చివరి మూడు రోజులు మరింత ముఖ్యం. మీరు కలుస్తున్న ఆ ఒక్క రోజు పనికిరానిది కాదు గాని, మంచి రోజులను వదిలేస్తున్నారు. రోజు విడిచి రోజు కలిస్తే సరిపోతుంది. అండం విడుదలకు ముందు పెరిగే ఎల్‌హెచ్ అనే హార్మోన్‌ను ఇంట్లోనే మూత్రంతో చూసుకునే పరీక్ష పట్టీలను పదకొండో రోజు నుంచి వాడండి. పరీక్ష గీత పక్కనున్న గీత అంత ముదురుగా లేదా అంతకంటే ముదురుగా కనిపిస్తే, 24 నుంచి 36 గంటలలో అండం విడుదల కావచ్చునని అర్థం.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆపిన మాట ఆ మాత్రల గురించినది. మెఫెనమిక్ యాసిడ్, డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి మందులు అండం ఉన్న సంచి పగలడానికి అవసరమైన ప్రోస్టాగ్లాండిన్లను అడ్డుకుంటాయి. నెలసరి మొదటి రెండు మూడు రోజులలో వాడితే ఈ చిక్కు రాదు, కాని అండం విడుదలయ్యే రోజులలో వాడితే ఆ విడుదల ఆలస్యం కావచ్చు, ఒక్కోసారి ఆగిపోవచ్చు కూడా. నెల మధ్యలో నొప్పికి పారాసిటమాల్ వాడవచ్చునేమో మీ డాక్టరును అడగండి. నొప్పిని పళ్ళ బిగువున భరించమని నేను చెప్పడం లేదు, మందు మార్చుకోమని మాత్రమే చెబుతున్నాను.

ఇంజెక్షన్ల విషయంలో మీకు అందిన సలహా సరైనది కాదు. అవి నొప్పిని తగ్గిస్తాయి, కాని వాడినంతకాలం అండం విడుదల కాదు; ఆపిన తరువాత సహజంగా గర్భం వచ్చే అవకాశం పెరుగుతుందనడానికి ఆధారం లేదు. గర్భం కోసం ప్రయత్నిస్తున్నవారికి ఆ ఉద్దేశంతో ఇటువంటి మందులు ఇవ్వవద్దని 2022 నాటి యూరోపియన్ మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి. ఇప్పుడు మూడు నెలలు ఆగిపోవడమంటే మూడు నెలలు పోగొట్టుకోవడమే.

ఎంతకాలం అన్న ప్రశ్నకు జవాబు రెండు కాగితాలలో ఉంది. మొదటిది మీ భర్తగారి వీర్య పరీక్ష నివేదిక. మీరు దాని ఊసే ఎత్తలేదు. రెండు నుంచి ఏడు రోజుల విరామం తరువాత ఈ నెలలోనే చేయించండి. రెండోది మీ శస్త్రచికిత్స నివేదిక. అండవాహికలు తెరుచుకుని ఉన్నాయా, ఆపరేషన్ సమయంలో పంపిన రంగు ద్రవం వాటిలోంచి బయటికి వచ్చిందా అన్నది చదివించుకోండి, ఎండోమెట్రియోసిస్ ఫెర్టిలిటీ ఇండెక్స్ స్కోరు ఎంతో అడగండి. సున్నా నుంచి పది వరకు ఉండే ఈ స్కోరు, జబ్బు దశ కంటే సహజ గర్భధారణ అవకాశాన్ని బాగా సూచిస్తుంది. వీర్యకణాలు బాగుండి, వాహికలు తెరుచుకుని, స్కోరు ఎక్కువగా ఉంటే, సరైన రోజులలో మరో ఆరు నెలలు ప్రయత్నించడం సమంజసమే. ఈ మూడింటిలో ఏది బాగా లేకపోయినా సంతాన సాఫల్య నిపుణులను ఇప్పుడే కలవండి. 35 ఏళ్ళు దాటినవారైతే ఆ ఆరు నెలలు కూడా ఆగమని నేను చెప్పను.

రక్త పరీక్షలో ఏఎంహెచ్ అనే హార్మోన్ తక్కువగా ఉందని ఎవరైనా భయపెడితే, అది మిగిలిన అండాల సంఖ్యకు సూచన మాత్రమేనని, సహజంగా గర్భం వస్తుందో రాదో అది చెప్పదని గుర్తుంచుకోండి. సిస్ట్ మళ్ళీ కనిపించినా మరో ఆపరేషన్‌కు తొందరపడవద్దు, ఎందుకంటే సిస్ట్‌తో పాటు ఆరోగ్యవంతమైన అండాశయ కణజాలం కూడా కొంత పోతుంది. ఫోలిక్ యాసిడ్ రోజుకు 400 మైక్రోగ్రాములు ఇప్పటి నుంచే మొదలుపెట్టండి. గర్భం నిలిచిన వెంటనే, ఆరో వారం ప్రాంతంలో స్కాన్ చేయించి, అది గర్భాశయంలోనే ఉందని నిర్ధారించుకోండి.

ప్రశ్న: నా భార్యకు ఎండోమెట్రియోసిస్ ఉంది. కలయిక సమయంలో ఆమె నొప్పితో విలవిలలాడుతోంది. గర్భం కోసం నిర్ణీత రోజులలో తప్పదంటూ ఆమే బలవంతంగా ఓర్చుకుంటోంది. నేనేం చేయాలి?
- ఒక పాఠకుడు

జవాబు: ఆ నొప్పి చాలావరకు గర్భాశయం వెనుక భాగంలోని కణజాలం వల్ల వస్తుంది కాబట్టి, లోతు ఆమె చేతిలో ఉండే భంగిమలో కొందరికి ఉపశమనం దొరుకుతుంది. వారంలో రెండు మూడు సార్లు చాలు, రోజూ అవసరం లేదు. జెల్ వాడితే వీర్యకణాలకు హాని చేయని రకమేనా అని చూసుకోండి. అయినా తగ్గకపోతే ఐయూఐ (వీర్యకణాలను నేరుగా గర్భాశయంలోకి పంపే పద్ధతి) వంటి మార్గం గురించి అడగవచ్చు, అందులో ఓటమి ఏమీ లేదు. ఆమెతో పాటు మీరూ డాక్టరు దగ్గరికి వెళ్ళండి, నొప్పి ఎప్పుడు, ఎక్కడ వస్తుందో ఆమె చెబుతున్నప్పుడు పక్కనే కూర్చోండి.