దగ్గితే మూత్రం జారుతోంది, గర్భసంచి తీయించుకోవాలా?

ప్రశ్న: నా వయసు 52. మాది చిత్తూరు దగ్గర పల్లె. ముట్లు ఆగిపోయి రెండేళ్లయింది. ఏడాదిగా దగ్గినా, తుమ్మినా, పాల క్యాను ఎత్తినా మూత్రం కొంచెం జారిపోతోంది. సాయంత్రానికి కింద బరువుగా, ఏదో దిగుతున్నట్టుగా ఉంటోంది. లోపల పొడిగా, మంటగా ఉండి, మా ఆయన దగ్గరికి వస్తే నొప్పి భరించలేక మనవరాలి పక్కన పడుకుంటున్నాను. కారణం ఆయనకు చెప్పలేదు. ఆయన నాతో సరిగ్గా మాట్లాడడం లేదు. తడిసిపోతానన్న భయంతో ఈ ఏడు తిరుమల కొండకు నడిచి వెళ్లడం కూడా మానుకున్నాను. గర్భసంచి తీయించేసుకుంటే అన్నీ పోతాయని మా ఆడబిడ్డ అంటోంది. ఆపరేషన్, మందులు లేకుండా బాగుపడే దారి ఉందా?

జవాబు: అమ్మా, ఉంది. మీరు చెప్పిన బాధల్లో చాలావాటిని ఇంట్లో చేసుకునే సాధనతోనే తగ్గించుకోవచ్చు. ఒక్క పొడిదనానికి మాత్రం చిన్న మందు అవసరం కావచ్చు, దాని గురించి కింద రాస్తాను. అంతకంటే ముందు మీ ఆడబిడ్డ మాటకు సమాధానం చెప్పాలి, ఎందుకంటే గర్భసంచి తీయించుకునే స్త్రీలు మన రాష్ట్రంలో ఎక్కువ, అందులో అవసరం లేకుండా తీయించుకున్నవారు కూడా ఉండడం నన్ను చాలా బాధపెడుతుంది. మూత్రం జారడానికి కారణం గర్భసంచి కాదు. మూత్రాశయాన్ని, గర్భసంచిని, పెద్దపేగు చివరి భాగాన్ని కింది నుంచి మోసే కండరాలు కాన్పుల వల్ల, ఏళ్ల తరబడి బరువులు ఎత్తడం వల్ల సడలిపోయి, ముట్లు ఆగాక ఈస్ట్రోజెన్ హార్మోను తగ్గడంతో అక్కడి పొరలు కూడా పలుచబడినందువల్ల ఈ బాధలు వస్తాయి. గర్భసంచి తీసేసినంత మాత్రాన సడలిన కండరం బిగుసుకోదు, ఎండిన పొరకు తడి రాదు.

ఆ కండరాలకు బలం తెచ్చే వ్యాయామాన్ని ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికా స్త్రీల వైద్యుడు 1948లో ప్రచారంలోకి తెచ్చారు, నేటికీ వైద్యులు ముందుగా చెప్పేది అదే. అపానవాయువును, మూత్రాన్ని ఒకేసారి ఆపుకుంటున్నట్టుగా లోపలికి, పైకి బిగించండి. పొట్ట, తొడలు, పిరుదులు బిగుసుకోకూడదు, ఊపిరి బిగబట్టకూడదు. ఐదు అంకెలు నిదానంగా లెక్కపెట్టేదాకా పట్టి ఉంచి, మళ్లీ ఐదు లెక్కపెట్టేదాకా పూర్తిగా వదలండి. వదలడం కూడా బిగించినంత ముఖ్యమే. ఇలా ఎనిమిది నుంచి పది సార్లు, రోజుకు మూడు పూటలా చేయండి. మొదట పడుకొని, పట్టు దొరికాక కూర్చొని, తర్వాత నిలబడి చేయవచ్చు. పొద్దున పాలు పితికి వచ్చాక ఒకసారి, మధ్యాహ్నం సంకటి తిన్నాక నడుము వాల్చినప్పుడు ఒకసారి, రాత్రి నిద్రకు ముందు ఒకసారి అని పెట్టుకుంటే మరచిపోరు. కనీసం మూడు నెలలు విడవకుండా చేయాలి. మొదటి నెలలో తేడా కనబడలేదని మానేసేవారే ఎక్కువ, మీరు ఆ పని చేయకండి. మూత్రం పోసేటప్పుడు మధ్యలో ఆపుతూ ఈ సాధన చేయకూడదు. బిగిస్తే నొప్పి వస్తున్నా, ఏది బిగించాలో తెలియకపోయినా ఈ విషయం తెలిసిన ఫిజియోథెరపిస్టు దగ్గర ఒకసారి నేర్చుకోవాలి.

పాల క్యాను, గడ్డిమోపు ఎత్తేముందు అదే బిగింపు తెచ్చుకొని, ఊపిరి వదులుతూ లేపండి. వీలైతే క్యానులో సగమే నింపి రెండుసార్లుగా మోయండి, లేదా బరువున్న రోజు కొడుకునో కోడలినో పిలవండి, ఇందులో నామోషీ ఏమీ లేదు. దగ్గు వస్తుందనిపించగానే కూడా బిగించండి. దగ్గు వారాల తరబడి తగ్గకుంటే దాని సంగతి చూడాలి, ఎందుకంటే కొన్ని రకాల బీపీ మాత్రల వల్ల కూడా పొడిదగ్గు వస్తుంది. అలాంటి మాత్ర వాడుతుంటే మీ అంతట మీరు ఆపకుండా డాక్టరుకు చెప్పండి. మలబద్ధకం ఉంటే ముక్కడం వల్ల ఆ కండరాలు ఇంకా సడలుతాయి కాబట్టి రాగిసంకటి, ఆకుకూరలు, ఉలవలు, అనుములు తినే అలవాటును నిలుపుకోండి.

తడిసిపోతామన్న భయంతో చాలామంది నీళ్లు తాగడం మానేస్తారు. దానివల్ల మూత్రం చిక్కబడి మంట పెరుగుతుంది, ఇన్ఫెక్షన్ కూడా రావచ్చు. మన ఎండలకు రోజుకు రెండు లీటర్లకు తగ్గకుండా తాగండి, కాఫీ మాత్రం రోజుకు ఒకటి రెండు గ్లాసులకు తగ్గించండి. హఠాత్తుగా ముంచుకొచ్చినట్టు అనిపిస్తే పరుగెత్తకుండా, నిలబడి ఐదారుసార్లు గబగబా బిగించి వదిలి, ఆ ఒత్తిడి తగ్గాక నడిచి వెళ్లండి.

ఇక పొడిదనం. సబ్బు, డెటాల్ వంటివి లోపలికి పోనివ్వకండి, మామూలు నీళ్లు చాలు. కలయిక సమయంలో మందుల షాపులో దొరికే నీటి ఆధారిత జెల్ వాడుకోవచ్చు. దానితో తీరకపోతే పూతగా వాడే ఈస్ట్రోజెన్ క్రీము రాస్తారు. తక్కువ మోతాదులో యోనిలో వాడే ఈ పూత రక్తంలోకి చేరేది చాలా తక్కువ, మాటిమాటికి వచ్చే మూత్రపు ఇన్ఫెక్షన్లను కూడా తగ్గిస్తుంది. మందు అనే మాటకు భయపడి దీన్ని వదులుకోకండి. రొమ్ము క్యాన్సర్ వచ్చినవారు మాత్రం ముందుగా ఆ డాక్టరును అడగాలి. ఎవరైనా అరిష్టాలు, లేహ్యాలు తాగమంటే లేహ్యాల్లో బెల్లం, అరిష్టాల్లో బెల్లంతో పాటు పులియడం వల్ల పుట్టే ఆల్కహాలు ఉంటాయని తెలుసుకోండి. షుగరున్నవారికి అవి మంచివి కావు, సడలిన కండరానికి బలమూ ఇవ్వవు.

మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టింది మీరు మనవరాలి పక్కకు మారిన సంగతి. మీకు అది నొప్పి నుంచి తప్పించుకోవడం, ఆయనకు మాత్రం మీరు ఆయన్ని వద్దనుకున్నట్టుగా కనబడుతూ ఉండవచ్చు. పాతికేళ్లకు పైగా కలిసి కాపురం చేసిన మనిషికి ఇది చెప్పడం కష్టమని నాకు తెలుసు. ఎదురెదురుగా కూర్చొని చెప్పలేకపోతే, సాయంత్రం ఇద్దరూ పశువుల దగ్గర పనిలో ఉన్నప్పుడు, చేతులకు పని ఉండగానే చెప్పండి. "నీ మీద కోపం లేదయ్యా. ముట్లు నిలిచిపోయాక లోపల పొడిబారి నొప్పి వస్తా ఉంది, డాక్టరుకు చూపించుకుంటా, నువ్వూ రా" అంటే చాలు. నొప్పి తగ్గేదాకా కలయిక లేకపోయినా పక్కన పడుకోవడం, మాట్లాడుకోవడం ఆపనవసరం లేదని ఆయనకు కూడా తెలియాలి.

ముట్లు ఆగి ఏడాది దాటాక మళ్లీ ఎర్రచుక్క కనబడినా, మూత్రంలో రక్తం పడినా, మంటతో చలిజ్వరం వచ్చినా, మూత్రం రాకుండా బిగపట్టినా, కింద గడ్డలా బయటికి తగులుతున్నా ఇంటి సాధనతో ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ఇవేవీ లేకపోయినా, మీరు చెప్పిన బరువు గర్భసంచి కొద్దిగా జారడం వల్లనా కాదా అన్నది పరీక్షతోనే తెలుస్తుంది కాబట్టి తిరుపతి ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రిలోనో, స్విమ్స్‌లోనో, మీకు నమ్మకమున్న లేడీ డాక్టరు దగ్గరో ఒకసారి చూపించుకోండి. జారడం కొద్దిగానే అయితే వ్యాయామమే ఆసరా అవుతుంది, మరికాస్త ఎక్కువైతే లోపల అమర్చే రింగు కూడా ఉంది, ఆపరేషన్ ఆ తర్వాతి మాట. షుగరు పరీక్ష కూడా చేయించుకోండి. వెళ్లే ముందు మూడు రోజుల పాటు ఎప్పుడు, ఎంత నీళ్లు తాగారో, ఎన్నిసార్లు మూత్రానికి వెళ్లారో, ఏ పని చేస్తుండగా జారిందో ఒక కాగితం మీద మీరే రాసుకోండి, లేదా కోడలితో రాయించి తీసుకువెళ్లండి. నోటితో చెప్పడానికి సిగ్గుపడే మాటలను కూడా అందులోనే రాసి ఇస్తే డాక్టరు చదువుకుంటారు.