చేయి మారిన గరిట

ప్రశ్న: వందనాలు అక్కయ్యగారూ. మా సంఘంలో క్రిస్మస్ ప్రేమవిందు వంట చాలా ఏళ్ళుగా నా చేతుల మీదుగానే జరిగేది. ఈసారి కొత్తగా వచ్చిన పాస్టరుగారు ఆ పని ఒక చిన్న వయసు కోడలికి అప్పగించారు. కాలువ అవతలి పేట నుంచి వచ్చే అమ్మాయి, నిన్నమొన్నటి దాకా వెనక వరుసలో కూర్చునేది. చివర్లో అందరికీ కృతజ్ఞతలు చెప్పారు, నా పేరు మాత్రం ఎత్తలేదు. అప్పటి నుంచి ఆమె ఎదురుపడితే మొహం తిప్పుకుంటున్నాను. ఇది స్వార్థమేనని తెలుసు. తగ్గింపు మనసు ఇమ్మని ప్రార్థిస్తుంటే, 'నేను ఎంత బాగా తగ్గించుకుంటున్నానో' అని మధ్యలో ముచ్చట కూడా వేస్తోంది! స్త్రీల సమాజం కార్యదర్శి పదవికి రాజీనామా చేయమంటారా?
- ఒక సోదరి, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చింది ఆ ఆశ్చర్యార్థకం పెట్టిన వాక్యమే. 'నేనెంతటిదాన్ని, మట్టిని' అని మొదలుపెట్టి అరగంట సేపు తమ గురించే సాక్ష్యం చెప్పేవాళ్ళను కూటాల్లో చూస్తూనే ఉంటాం. మీకు కనీసం నవ్వు వచ్చింది.

ముందు ఒక భారం దించేస్తాను. చేసిన పనికి ఒక మంచి మాట ఆశించడం పాపం కాదు. బైబిల్లో రోమా సంఘానికి పౌలు రాసిన ఉత్తరం, అదే రోమా పత్రిక, చివరి అధ్యాయం తీయండి. ఫీబే మొదలుకొని పౌలు ఎంతమందిని పేరుపేరునా తలచుకున్నాడో చూడండి. మరియ గురించి 'మీకొరకు బహుగా ప్రయాసపడిన' అన్నాడు. మీ పాస్టరుగారు ఆ అధ్యాయం మరోసారి చదువుకుంటే మంచిది. నొచ్చుకున్నానని ఆయనకే నేరుగా చెప్పండి. సమాజంలో నలుగురి చెవిన వేశాక మాత్రం వెళ్ళకండి.

ఇక అసలు సంగతి. ఆ అమ్మాయి ఏ పేట నుంచి వస్తుందో నాకెందుకు రాశారు? వంట ఎలా కుదిరిందో ఒక్క ముక్క రాయలేదు. అసలు తిన్నారా? తలనొప్పి అని ఇంటికి వెళ్ళిపోయారేమోనని నా అనుమానం. మిమ్మల్ని బాధపెడుతున్నది పేరు ఎత్తకపోవడం ఒక్కటే అయితే పేట ప్రస్తావన రాదు. ఆమె పెడితే మీరు తినాల్సి వచ్చింది, అది కూడా ఉంది.

మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయినదాన్ని కనుక ఈ రోగం నాకు పరిచయమే. ఊరందరికీ అన్నం పెట్టిన పెద్దావిడలు మంచాన పడితే, ఆయా చేత్తో గంజి తాగడానికి నోరు తెరిచేవారు కారు. పెట్టే చేతికి ఉన్న గౌరవం పుచ్చుకునే చేతికి ఉండదని వాళ్ళ బాధ. యేసు ప్రభువు తన పాదాలు కడగబోతే పేతురు కూడా భక్తితోనే 'నీవెన్నడును నా పాదములు కడుగరాదు' అన్నాడు. 'నేను నిన్ను కడుగనియెడల నాతో నీకు పాలు లేదు', అంటే నాలో నీకు వాటా లేదు, అని ప్రభువు కచ్చితంగా చెప్పాడు. మనం పాదాలు కడగడం గురించి ప్రసంగాలు చాలా విన్నాం. కడిగించుకోవడం గురించి ఎన్ని విన్నాం?

మన దోర్నకల్ అజరయ్యగారిని తలచుకోండి. తమిళుడై ఉండి తెలుగు నేర్చుకుని ఇక్కడ పనిచేశారు. 1912లో ఆంగ్లికన్ సంఘానికి తొలి భారతీయ బిషప్ అయ్యారు. అంతకు రెండేళ్ళ ముందు, 1910లో ఎడింబరో మిషనరీ మహాసభలో నిలబడి, మీరు పేదల కోసం ఆస్తులిచ్చారు, శరీరాలూ అప్పగించారు, మాకు ప్రేమ కూడా కావాలి, స్నేహితులను ఇవ్వండి అని అడిగారు. ఆ సభలో ఉన్నవాళ్ళు ఇవ్వడంలో ఎవరికీ తీసిపోరు. సమానంగా పక్కన కూర్చోవడమే కొందరికి కష్టమైంది. ఆయన అడిగినది మీ సంఘంలో కాలువకు ఇవతల ఉన్నవాళ్ళు కూడా వినాలి.

కాబట్టి తగ్గింపు కోసం ప్రార్థన కాస్త తగ్గించండి. ఈ మాటకు కొందరు నా మీద ఉత్తరాలు రాస్తారు, రాయనీయండి. ఈస్టరు తెల్లవారుజాము ఆరాధన తర్వాత మీ సంఘంలో టిఫిను పెడతారు కదా. ఆ వంట ఆమెదే అయితే ముందుగా వెళ్ళి 'ఏం చేయమంటావమ్మా' అని అడగండి. ఉల్లిపాయలు తరగమంటే తరగండి, ఉప్పు సంగతి ఆమె అడిగితేనే చెప్పండి. తర్వాత వడ్డించడానికి లేవకుండా బంతిలో కూర్చుని, ఆమె వడ్డించింది తినండి. బాగుంటే బాగుందనండి, బాగా లేకపోతే బాగుందని అబద్ధం ఆడనక్కరలేదు. ఇంటికెళ్ళి ఈ కథంతా మీ వారికి చెప్పకండి. మత్తయి ఆరో అధ్యాయంలో ఎడమచెయ్యికి తెలియకూడదన్నది ఇలాంటి వాటికి కూడా.

రాజీనామా ఇప్పుడు వద్దు. బతిమాలించుకోవడానికి రాసిన రాజీనామాలు చాలా చూశాను, ఎవరూ బతిమాలకపోతే అది ఇంకో గాయం. ఈస్టరు వెళ్ళాక కూడా మానేయాలనిపిస్తే రెండు ముక్కల్లో రాసి ఇవ్వండి. సమాజం లెక్కల పుస్తకం మీ దగ్గరే ఉంటే, అదీ ఆ రోజే అప్పజెప్పండి.