టెక్ సందేహాలు: ఇంట్లో పాట రికార్డింగ్.. మైకు కన్నా ముందు గది సంగతి చూడండి

ఇంట్లో కంప్యూటర్ మీద పాటలు రికార్డు చేసుకునేవాళ్లు అడిగిన సందేహాలకే ఈసారి చోటంతా కేటాయిస్తున్నాను.

ప్రశ్న: ల్యాప్‌టాప్‌కి యూఎస్‌బీ మైకు పెట్టి పాడుతున్నాను. తీరా వింటే గొంతు దూరంగా, ఖాళీ హాల్లో పాడినట్టు వస్తోంది. మంచి కండెన్సర్ మైకు కొంటే సరిపోతుందా?

ఇప్పుడే కొనకండి. మీకు వినిపిస్తున్నది మైకు లోపం కాదు, మీ గది. గొంతు నేరుగా మైకును చేరడమే కాదు, గోడలకూ కిటికీ అద్దాలకూ నేలకూ తగిలి తిరిగొచ్చి మళ్లీ చేరుతుంది. కండెన్సర్ మైకు సన్నటి శబ్దాలను సైతం పట్టేస్తుంది. అదే గదిలో దాన్ని పెడితే ఆ ప్రతిధ్వని ఇంకా స్పష్టంగా వినిపించే అవకాశమే ఎక్కువ.

ముందు మైకుకీ నోటికీ మధ్య దూరం చూసుకోండి. దూరం రెట్టింపైతే నేరుగా వచ్చే గొంతు సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. గోడల నుంచి తిరిగొచ్చేది మాత్రం దాదాపు అంతే ఉంటుంది. 60 సెంటీమీటర్ల దూరంలో ఉన్నవారు 15 సెంటీమీటర్లకు జరిగితే గొంతుకు 12 డెసిబెల్స్ వరకు లాభం, అదీ రూపాయి ఖర్చు లేకుండా. మరీ అంటుకుపోయి పాడితే మాత్రం బేస్ పెరిగి గొంతు బరువుగా వస్తుంది. ‘ప’, ‘భ’ లాంటి అక్షరాల దగ్గర గాలి కొట్టి ధబ్బుమంటుంది. దానికి మైకు ముందు పాప్ ఫిల్టర్ (గాలిని ఆపే పల్చటి జాలీ) పెట్టండి. లేదా మైకును నోటికి సూటిగా కాకుండా కాస్త పక్కన ఉంచి, దాని ముఖాన్ని నోటివైపు తిప్పండి.

ఇక ప్రతిధ్వనిని పీల్చడానికి కట్టే దుప్పటి. చాలామంది దాన్ని మైకు వెనక కడతారు. ఇళ్లలో వాడే మైకులు ఎక్కువగా కార్డియాయిడ్ రకానివి. అవి తమ వెనకవైపు శబ్దాన్ని ఎలాగూ తక్కువగా వింటాయి. వాటి ముఖం ఉన్నది మీవైపు, అంటే మీ వెనకున్న గోడవైపు కూడా. కాబట్టి మందపాటి దుప్పటి మీ వీపు వెనక ఉండాలి. బట్టలతో నిండిన బీరువా ఉంటే తలుపులు బార్లా తెరిచి, దానికి వీపు పెట్టి పాడండి. గుడ్ల అట్టలు, పల్చటి ఫోమ్ ముక్కలు గోడకు అంటించే పని పెట్టుకోవద్దు. అవి పై స్థాయి శబ్దాలను మాత్రమే కొంత పీలుస్తాయి, దాంతో గది మరింత మొద్దుగా మోగుతుంది. గది మధ్యలో నిలబడి గట్టిగా ఒక చప్పట్టు కొట్టి, దాని వెనక తోక ఎంతసేపు మిగులుతోందో వినండి. ఆ తోక ఎక్కడ చిన్నదైతే అక్కడ పాడండి.

ఫ్యాన్ హోరును సాఫ్ట్‌వేర్‌లోని నాయిస్ రిడక్షన్‌తో కొంతవరకు తీసేయొచ్చు, అది పాట పొడవునా ఒకేలా ఉంటుంది కాబట్టి. ప్రతిధ్వని అలా కాదు, ప్రతి అక్షరంతోనూ కలిసిపోయి ఉంటుంది. తీసే పరికరాలు వచ్చాయి గానీ, గట్టిగా వాడితే గొంతులో జీవం పోతుంది. అందుకే ఇంతసేపు గది గురించి చెబుతున్నాను.

ప్రశ్న: లెవెల్ మీటర్ ఎరుపు తాకేంతవరకు పెంచితేనే క్వాలిటీ బాగుంటుందంటున్నారు. నిజమేనా?

కాదు. డిజిటల్‌లో 0 డెసిబెల్స్ అనేది ఆఖరి గీత. దాన్ని దాటితే అల పైభాగం చదునుగా తెగిపోతుంది, గొంతు పరపరమంటుంది. ఆ తెగిన భాగాన్ని తర్వాత ఉన్నదున్నట్టు తిరిగి తేలేం. రికార్డింగ్ 24 బిట్‌లో పెట్టుకోండి (శబ్దాన్ని ఎంత సూక్ష్మంగా కొలవాలో చెప్పే సెట్టింగ్ ఇది). 16 బిట్‌లో సుమారు 96 డెసిబెల్స్ పరిధి ఉంటే, 24 బిట్‌లో లెక్క ప్రకారం 144 ఉంటుంది. కాబట్టి లెవెల్ తక్కువైందని భయపడనక్కర్లేదు. పాటలో అన్నిటికంటే గట్టిగా పాడే చోట మీటర్ మైనస్ 12 దగ్గర ఆగేలా చూసుకుంటే చాలు. శాంపిల్ రేటు (సెకనుకు శబ్దాన్ని ఎన్నిసార్లు కొలవాలన్నది) 48 కిలోహెర్ట్జ్ పెట్టండి, వీడియోకు కూడా అదే పనికొస్తుంది. ఈ లెక్కన ఒక మోనో ట్రాక్ నిమిషానికి దాదాపు 8.6 ఎంబీ తీసుకుంటుంది.

ఒక్కమాట. ఈ లెవెల్‌ను సరిచేయాల్సింది ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకును కంప్యూటర్‌కు కలిపే పెట్టె) మీదో మైకు మీదో ఉండే గెయిన్ నాబ్‌తో. సాఫ్ట్‌వేర్‌లో ట్రాక్ పక్కనుండే ఫేడర్ సాధారణంగా రికార్డయిన తర్వాతి వాల్యూమ్‌ను మారుస్తుంది. దాన్ని ఎంత కిందికి లాగినా, అప్పటికే తెగిపోయిన శబ్దం బాగుపడదు.

ప్రశ్న: పాడుతుంటే నా గొంతు హెడ్‌ఫోన్లలో కాస్త ఆలస్యంగా వినిపించి తాళం తప్పుతున్నాను. కంప్యూటర్ పాతదవడం వల్లేనా?

చాలావరకు సెట్టింగ్ వల్లే. కంప్యూటర్ శబ్దాన్ని కొంచెం కొంచెంగా పోగుచేసుకుని పంపిస్తుంది. ఆ పోగు పేరే బఫర్. 48 కిలోహెర్ట్జ్‌లో బఫర్ 1024 శాంపిల్స్ ఉంటే ఒకవైపుకే 21 మిల్లీసెకన్లు, రానూ పోనూ 40 దాటుతుంది. 128కి తగ్గిస్తే ఒకవైపుకు 2.7 మిల్లీసెకన్లే. పాడేటప్పుడు 128 పెట్టుకుని, మిక్సింగ్‌కు కూర్చున్నప్పుడు మళ్లీ 1024కి మార్చండి. బఫర్ తగ్గించినప్పుడు టిక్‌టిక్‌మని చప్పుళ్లు వస్తే ప్రాసెసర్ అందుకోలేకపోతోందని అర్థం, 256 ప్రయత్నించండి. విండోస్‌లో అయితే ఇంటర్‌ఫేస్ తయారుచేసిన కంపెనీ ఇచ్చే ఏసియో డ్రైవర్ (ఆలస్యాన్ని తగ్గించే సాఫ్ట్‌వేర్) తప్పక వేసుకోండి. మ్యాక్‌లో ఆ అవసరం లేదు.

ఇంతకంటే తేలిక దారి డైరెక్ట్ మానిటరింగ్. మీ ఇంటర్‌ఫేస్‌కో యూఎస్‌బీ మైకుకో హెడ్‌ఫోన్ రంధ్రం ఉంటే అందులోనే పెట్టి వినండి. చాలా వాటిలో గొంతు కంప్యూటర్ దాకా వెళ్లకుండానే చెవికి చేరుతుంది. అప్పుడు సాఫ్ట్‌వేర్‌లో మానిటరింగ్ ఆపేయడం మరవకండి, లేదంటే రెండు గొంతులు వినిపిస్తాయి. బ్లూటూత్ హెడ్‌ఫోన్లు ఈ పనికి అస్సలు వద్దు. 100 మిల్లీసెకన్లకు మించిన ఆలస్యం వాటిలో మామూలే.

ప్రశ్న: ఏ సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెట్టాలి?

మ్యాక్ ఉంటే గ్యారేజ్‌బ్యాండ్, ఉచితం. విండోస్, లినక్స్‌లలో ఒక ట్రాక్ మీద ఒక గొంతు పెట్టడానికి ఆడాసిటీ చాలు, అదీ ఉచితమే. నాలుగైదు వాద్యాలు, మిడి కీబోర్డు (కంప్యూటర్‌లోని వాద్యాలను వాయించే కీబోర్డు) పెట్టుకుని పనిచేయాలంటే రీపర్ చూడండి, 60 రోజులు పూర్తిస్థాయిలో వాడి చూడొచ్చు. ఏది ఎంచుకున్నా అందులోనే కొన్ని పాటలు పూర్తిచేయండి.

ప్రశ్న: కరోకే ట్రాక్ మీద పాడాను. గొంతు పెంచితే అతికించినట్టు పైకి తేలుతోంది, తగ్గిస్తే మునిగిపోతోంది. ఏ ప్లగిన్ వాడాలి?

ప్లగిన్ (సాఫ్ట్‌వేర్‌కు తగిలించుకునే అదనపు పరికరం) దాకా తర్వాత వెళ్దాం. దొరికే ట్రాకులు అప్పటికే బిగించి, 0కి దగ్గరగా పెంచి ఇచ్చినవి. మీ గొంతేమో మైనస్ 12 దగ్గరుంది. గొంతు పెంచొద్దు, కరోకే ట్రాక్‌ను 8 నుంచి 10 డెసిబెల్స్ తగ్గించండి. వాల్యూమ్ తక్కువ పెట్టుకుని, సాహిత్యంలో ప్రతి మాటా అర్థమయ్యేలా రెండు ఫేడర్లూ సర్దుకోండి. సగం మిక్సింగ్ ఇక్కడే అయిపోతుంది.

ఆ తర్వాత గొంతు ట్రాక్‌లో 80 హెర్ట్జ్ కింద ఉన్నది హైపాస్ ఫిల్టర్‌తో కోసేయండి, అక్కడ ఉండేది ఎక్కువగా టేబుల్ అదురు, గాలి. గొంతు మబ్బుగా ఉంటే 200 నుంచి 400 మధ్య రెండు మూడు డెసిబెల్స్ తగ్గించి చూడండి. మరీ గట్టిగా వచ్చిన పదాలను, మింగేసిన పదాలను ముందు చేత్తోనే సరిచేసి, అప్పుడు కంప్రెసర్ వేయండి, గట్టి శబ్దాలను తగ్గించేది అదే. థ్రెషోల్డ్ (ఏ గీత దాటితే తగ్గించాలో) మైనస్ 18, రేషియో (ఎంత మేర తగ్గించాలో) 3:1 పెట్టారనుకోండి. మైనస్ 12 దాకా వెళ్లిన పదం గీతకు 6 డెసిబెల్స్ పైన ఉన్నట్టు, కంప్రెసర్ దాన్ని 2కి కుదించి మైనస్ 16 దగ్గర ఆపుతుంది. గట్టి పదానికీ మెల్లటి పదానికీ తేడా తగ్గాక గొంతు ట్రాక్‌లో నిలబడుతుంది.

అతికించినట్టు అనిపించడానికి కారణం సాధారణంగా రివర్బ్, అంటే గది మోగినట్టు కలిపే ప్రతిధ్వని, లేకపోవడం. ట్రాక్‌లో వాద్యాలకు ఒక చోటు ఉంది, మీ గొంతుకు లేదు. రివర్బ్‌ను విడి బస్ (సాఫ్ట్‌వేర్‌లో శబ్దాన్ని పంపే వేరే దారి) మీద పెట్టి, గొంతును అక్కడికి కొద్దికొద్దిగా పంపండి. రివర్బ్ వినిపించడం మొదలవగానే ఒక మెట్టు వెనక్కి రండి. కొత్తవాళ్లు అందరూ అతి చేసేది దీంతోనే. పొరపాట్లు కప్పుతుందనిపిస్తుంది గానీ మాటలను మింగేస్తుంది.

ప్రశ్న: చివరికి ఏ ఫార్మాట్‌లో సేవ్ చేయాలి?

అసలు కాపీ వేవ్‌లో, 24 బిట్‌లో ఉంచుకోండి. ఎంపీ3 అనేది పంచుకోవడానికి మాత్రమే, దాన్ని మళ్లీ తెరిచి మార్చి ఎంపీ3గానే సేవ్ చేస్తే ప్రతిసారీ నాణ్యత పోతుంది. నెట్‌లో పెట్టే పాటను గరిష్ఠంగా మైనస్ 1 డెసిబెల్ దగ్గర ఆపండి. స్పాటిఫై మామూలు సెట్టింగ్‌లో పాటలను మైనస్ 14 లఫ్స్ (చెవికి వినిపించే గట్టిదనపు కొలత) స్థాయికి సర్ది వినిపిస్తుంది. లిమిటర్‌తో (శబ్దాన్ని ఒక గీత దాటనివ్వని పరికరంతో) పిండి పెంచిన పాటను అక్కడ కిందికే దించుతారు, పిండటం వల్ల పోయిన ఊపు మాత్రం తిరిగి రాదు.