కెమెరా చేతుల మీద పెట్టించండి

ప్రశ్న: భీమవరం దగ్గర ఓ హోటల్ మేనేజ్‌మెంట్ కాలేజీలో కిచెన్ ప్రాక్టికల్స్ చెబుతానండి. 2020 మార్చిలో మూతపడ్డ ల్యాబ్ మధ్యలో కొన్నాళ్లు తెరిచాం, ఇప్పుడు, 2021లో, కోవిడ్ సెకండ్ వేవ్‌తో మళ్లీ తాళం. ఫోన్లో నేను కోసి చూపిస్తుంటే పిల్లలు తలూపుతున్నారు గానీ, ఒక్కరికైనా చెయ్యి తిరుగుతోందన్న నమ్మకం లేదు. టెన్షన్‌గా ఉంది.
- ఒక లెక్చరర్, పాలకొల్లు

జవాబు: మీరు చూపించడం తగ్గించండమ్మా. వాళ్లు చేసేది మీరు చూడాలి.

మన వైపు చాలా ఇళ్లల్లో ఇప్పటికీ కత్తిపీటే కదా. దాని మీద కత్తి కదలదు, కూరగాయే కదులుతుంది. మీ ల్యాబ్‌లో కూరగాయ ఆగుతుంది, చాకు కదులుతుంది. కత్తిపీట అలవాటుతో వచ్చిన పిల్ల చాకు పట్టగానే ఎడమచేతి వేళ్లు చాపేస్తుంది, కొసలు లోపలికి మడిచి కణుపులు చాకుకి ఆనించాలని మీరు వందసార్లు చెప్పినా తను చేస్తున్న తప్పు తనకి కనపడదు. అందుకని ఫోను నాలుగు పుస్తకాలకి ఆనించి, మొహం అక్కర్లేదు, చేతులు మాత్రం పడేలా ఒక్క నిమిషం వీడియో తీసి వాట్సాప్‌లో పంపమనండి. జూలియెన్ ముక్కలు, అంటే అగ్గిపుల్లల్లా సన్నగా పొడుగ్గా తరిగినవి, ఓ పది స్కూలు స్కేలు పక్కన పేర్చి ఫొటో కూడా. మందం 3 మిల్లీమీటర్లు, పొడవు 5 సెంటీమీటర్లు ఉందో లేదో అక్కడే తేలిపోతుంది. ఎవరి తప్పు వాళ్లకి వాయిస్ మెసేజ్‌లో చెప్పండి. గంటసేపు లైవ్ క్లాసు వద్దు, సిగ్నల్ కోసం డాబా ఎక్కి కూర్చునే పిల్లలుంటారు, రోజు డేటా అంతా దానికే అయిపోతుంది.

బ్రకోలీ, చీజ్ కొనమని మాత్రం అడక్కండి, పనుల్లేక ఇళ్లల్లో ఎలా ఉందో మీకు తెలుసు. అరటికాయ, బీరకాయ, దొండకాయ చాలు. వైట్ సాస్‌కి మైదా, వెన్న సమానంగా, పాలు, అంతే. ఉండ కట్టిందో లేదో గరిటె ఎత్తి చూపిస్తే కనిపిస్తుంది. హోటల్ గదుల పనిలో నేర్పే పక్క దుప్పటి మూల 45 డిగ్రీల మడత కూడా ఇంట్లో మంచం మీదే నేర్చుకోవచ్చు. మరిగే నూనె పనులు, పెద్దవాళ్లు పక్కన లేకుండా వద్దు.

వంద మందికి వండటం, తందూరు, ఎదురుగా అసలు గెస్ట్ కూర్చుంటే వడ్డించడం, ఇవి ఫోన్లో రావు. రాని వాటికి మార్కులు వేసేస్తే రేపు ఉద్యోగంలో నలుగురి ముందు తలవంచుకునేది ఆ పిల్లలే, దయచేసి అలా చేయకండి. వాటిని రికార్డులో బాకీగా రాసి ఉంచి, ల్యాబ్ తెరిచిన మొదటి వారాలు వాటికే ఇవ్వమని ప్రిన్సిపాల్‌గారిని ఇప్పుడే అడగండి.