లయ వేగంగా ఉంటుందా?

సందేహం: బీతోవెన్ ఐదో సింఫనీ రికార్డు ఒకటి నలుగురం కూర్చుని విన్నాం. మొదటి భాగం కాగానే ఒకరు "లయ మరీ వేగం. నా దగ్గరున్న రికార్డులో ఇదే భాగం 7 నిమిషాల 20 సెకన్లు, ఇందులో 6 నిమిషాలే" అన్నారు. రెండోవారు "వేగమెక్కడిది, లయ సాగదీశారు" అన్నారు. మూడోవారు "అసలు లయే లేదు, శృతి మాత్రం బాగుంది" అంటూనే టింపనీ అనే పెద్ద భేరి వాయించినాయన్ని "లయకారుడు" అని మెచ్చుకున్నారు. ఒకే రికార్డులో లయ వేగంగా, నిదానంగా ఉండి, అసలు లేకుండానూ ఎలా పోతుంది? "లయ వేగం" అనవచ్చా? గతి అనాలా, కాలం అనాలా, టెంపో అనే ఉంచాలా? (మొదటాయన రికార్డులో తొలి ఘట్టం రెండుసార్లు వస్తుందట. మాదాంట్లో ఒక్కసారే.)

సమాధానం: ముందుగా ఒక అక్షరం సంగతి. మీరు శృతి అని రాశారు. శ్రు ధాతువుకు తి చేరితే శ్రుతి. కృతి, ధృతి, స్మృతి అనే మాటల పక్కన పడి దానికీ ఋకారం అంటింది. మనుషుల పేర్లలో ఎలాగూ స్థిరపడిపోయింది, మార్చుకోమనను. సంగీతం గురించి రాసేటప్పుడైనా శ్రుతిని శ్రుతిగా ఉండనివ్వండి.

ఇక లయ. మీ ముగ్గురు మిత్రులూ ఒకే మాట వాడి మూడు వేరు వేరు సంగతులు చెప్పారు. తప్పు వాళ్ల చెవులది కాదు. ఆ మాటలోనే మూడు అరలున్నాయి.

దీని మూలం లీ ధాతువు. అంటుకోవడం, హత్తుకోవడం, ఒదిగిపోవడం దాని అర్థం. దాని సంతానం మన ఇంటినిండా ఉంది. ఆలయం అంటే ఒదిగి ఉండే చోటు, గుడి అనే అర్థం తర్వాత బిగిసింది. హిమాలయం మంచు ఒదిగిన చోటు. నిలయం, విలయం, ప్రళయం, లీనం, తల్లీనం అన్నీ ఆ కుదురువే. ఒక మాట ఇంటినీ వినాశాన్నీ కూడా చెప్పడం వింతగా తోస్తుంది గానీ, వింత లేదు. చేరినదానిలో ఒదిగితే నిలయం, ఒదిగి తాను మిగలకుండా పోతే విలయం.

ఈ రెండు అంచులనూ ఒకే పద్యంలో చూపినవాడు పోతన. గజేంద్రుడి మొరలో "ఎవ్వనిచే జనించు జగ మెవ్వనిలోపల నుండు లీనమై" అన్నాడు. ఇక్కడ లీనమై అంటే నశించి కాదు, ఒదిగి, నిలిచి ఉండటం. వెంటనే "యెవ్వనియందు డిందు" అన్నాడు. డిందు అంటే అణగిపోవడం. లయమవడానికి అచ్చతెలుగు మాట అది. ఆ పైన "అనాదిమధ్యలయుఁడు" అన్నాడు. మొదలూ నడుమా తుదీ లేనివాడని అర్థం. తుదికి అంతమనే మాట అందుబాటులో ఉండగా పోతన లయను తెచ్చాడు. లీనమూ, డిందూ, లయా అంటూ ఒకే భావాన్ని మూడు మెట్లలో దించాడు. పద్యాన్ని పైకి చదివి చూడండి, "డిందు" దగ్గర గొంతు తనంతట తానే దిగుతుంది. నిఘంటువు పది వరుసల్లో చెప్పేది ఆ దిగడంలో తెలిసిపోతుంది.

సంగీతానికి ఈ మాట వచ్చింది ఆ దిగడం నుంచే. 13వ శతాబ్దంలో సంగీతరత్నాకరం రాసిన శార్ఙ్గదేవుడు "క్రియానంతర విశ్రాంతిర్లయః" అని నిర్వచించాడు. క్రియ అంటే తాళం వేసే చేతి దెబ్బ. ఒక దెబ్బ పడ్డాక మరో దెబ్బ పడేదాకా నాదం ఒదిగే విశ్రాంతి లయ. ఆ విశ్రాంతి అన్నిటికన్నా పొట్టిదైతే ద్రుతం, దానికి రెట్టింపైతే మధ్యం, దానికీ రెట్టింపైతే విలంబితం. శాస్త్రంలోని లయ దెబ్బ కాదు, దెబ్బల నడుమ ఖాళీ అని గమనించండి. ఖాళీ పెరిగితే వేగం తగ్గుతుంది. కాబట్టి "లయ పెంచారు" అని రాస్తే శాస్త్రం తెలిసినవాడికి నిదానించారని అర్థం కావాలి, మీ పాఠకుడికేమో వేగం పెంచారని అర్థమవుతుంది. ఈ ఇబ్బంది చాలదన్నట్టు అమరకోశం "లయః సామ్యమ్" అంటుంది. పాట, వాద్యం, ఆట కాలంతో సమంగా పోవడమే లయ అని దాని భావం. లయ తప్పింది, లయ నిలిచింది అని నేడు మనమనేదంతా అమరుడి లయే.

ఇప్పుడు మీ మిత్రుల దగ్గరికి రండి. 1808 డిసెంబరు 22న వియన్నాలో తొలిసారి వినిపించిన ఈ సింఫనీకి బీతోవెన్ 1817లో మెట్రోనోమ్ (నిమిషానికిన్ని దెబ్బలని కొట్టి చూపే యంత్రం) అంకెలు ప్రకటించాడు. మొదటి భాగానికి నిమిషానికి 108, అదీ ఒక్కో బార్‌కు, అంటే రచనను కొలిచే ఒక్కో చిన్న గడికి, ఒక దెబ్బ చొప్పున. ఈ భాగంలో 502 బార్లున్నాయి. తొలి ఘట్టమైన 124 బార్లను మళ్లీ వాయించమని రచనలోనే గుర్తుంది. వాద్యబృందాన్ని నడిపే కండక్టర్లలో కొందరు మళ్లీ వాయిస్తారు, కొందరు వదిలేస్తారు. మళ్లీ వాయిస్తే మొత్తం 626 బార్లు. మీరు బ్రాకెట్లలో పెట్టి వదిలేసిన వాక్యమే అసలు సంగతి. మొదటాయన రికార్డులో 626 బార్లు 7 నిమిషాల 20 సెకన్లలో నడిచాయి. నిమిషానికి సుమారు 85. మీరు విన్నదాంట్లో 502 బార్లు 6 నిమిషాల్లో, అంటే నిమిషానికి సుమారు 84. ఆయన మరీ వేగమన్నది వెంట్రుకవాసి నిదానంగానే ఉంది! అట్ట మీది నిమిషాలు చూసి వేగం తేల్చేవాళ్లంతా పడే గుంట ఇది. పునరావృత్తి ఉందో లేదో చూడకుండా రెండు రికార్డుల నిడివి పోల్చకూడదు.

పాత గ్రామఫోను పళ్లేల విషయంలో ఇంకో జాగ్రత్త. పళ్లెం నూటికి ఆరు వంతులు వేగంగా తిరిగితే శ్రుతి అరమెట్టు ఎక్కుతుంది, నడకా అంతే హెచ్చుతుంది. ఇది సి మైనర్ రచన, అంటే సి స్వరం ఆధారంగా నడిచేది. సి ఉండాల్సిన చోట దానికి అరమెట్టు పైనుండే సి షార్ప్ పలుకుతుంటే తప్పు యంత్రానిది, కండక్టర్‌ను అనకండి. "శ్రుతిర్మాతా లయః పితా" అన్నారు గానీ, గ్రామఫోను మీద తల్లీ తండ్రీ ఒకే ఇరుసు మీద తిరుగుతారు.

రెండో మిత్రుడిది శార్ఙ్గదేవుడి చెవి, ఆయన విన్నది దెబ్బల నడుమ ఖాళీని. ఈ రచనలో రాసిన మొట్టమొదటి గుర్తు స్వరం కాదు, అరక్షణపు విరామం. ఆ తర్వాతే మూడు పొట్టి స్వరాలూ, ఒక నిలుపూ. ఆ నిలుపు నెత్తిన ఫెర్మాటా ఉంటుంది, చుక్క మీద విల్లులా వంగిన గీత. ఎంతసేపు పట్టాలన్నది కండక్టర్ ఇష్టం. మొదటి 24 బార్లలోనే ఇలాంటివి నాలుగు వస్తాయి. పద్నాలుగు సెకన్లు పట్టని దూరంలో నాలుగుసార్లు ఆగి, ప్రతిసారీ బాగా సాగదీస్తే, ఆ తర్వాత ఎంత పరుగెత్తినా విన్నవాడి మనసులో నిదానమనే ముద్ర పడిపోతుంది. ఆయన "నిలుపులు సాగదీశారు" అంటే చాలు.

మూడో మిత్రుడిది అమరుడి లయ. దీన్ని తేల్చడం సులువు. బార్‌కు ఒక దెబ్బ చొప్పున 15 సెకన్లు చేత్తో వేసి లెక్కపెట్టండి. మొదటి నాలుగు నిలుపులూ దాటాక ఒకసారి, వయొలిన్లు మెత్తని రెండో రాగాన్ని ఎత్తుకున్నాక ఒకసారి, ముగింపుకు ముందు ఒకసారి. బీతోవెన్ అంకె ప్రకారమైతే ప్రతిచోటా 27 రావాలి. మీ రికార్డులో 21 చొప్పున వస్తే నిదానమే గానీ లయ నిలిచింది. 21, 18, 22 అని వస్తే మిత్రుడు విన్నది నిజం. కండక్టర్ కావాలనే వదులు చేసి ఉండవచ్చు. అప్పుడైనా "లయ సడలించాడు" అనాలి గానీ "లయే లేదు" అనడం దుడుకు. బార్‌కు రెండు దెబ్బలు వేస్తే 42 వస్తుంది. దానితో వేగం రెట్టింపైందని వాదించకండి.

మిగిలినవి క్లుప్తంగా. గతి అంటే మన సంగీతంలో ఒక దెబ్బను మూడుగానో నాలుగుగానో విడగొట్టే తిస్రం, చతురస్రం వంటి లోవిభాగం, వేగం కాదు. కాలం అంటే తాళం మారకుండా స్వరాలు రెట్టించే మెట్టు, అదీ కుదరదు. లయకారుడంటే సృష్టి స్థితి లయల్లో చివరిది నడిపే శివుడు. టింపనీ వాయించేవారిని లయజ్ఞుడనండి, లయవిద్వాంసుడనండి. టెంపో ఇటాలియన్ మాట. దానికీ కాలమనే అర్థం కాబట్టి అంటరానిది కాదు. కానీ కాలప్రమాణం అనే నిక్కచ్చి మాట మన విద్వాంసుల నోట రోజూ నలుగుతుండగా దాన్ని పక్కన పెట్టడం నాకు నచ్చదు.

అయితే "లయ వేగం" తప్పా? ద్రుతలయ అని సమాసం చేసి రాస్తే శాస్త్రం మీ వెనక ఉంటుంది, నేను వేలెత్తను. విడిగా "లయ మరీ వేగం" అంటే తప్పని కొట్టేయలేను గానీ, మీ నలుగురి మధ్య జరిగిందే మళ్లీ జరుగుతుంది. నేనైతే మీ రికార్డు గురించి ఇలా రాస్తాను: "కాలప్రమాణం బీతోవెన్ అంకె కన్నా తక్కువ, పునరావృత్తి వదిలేశారు, నిలుపులు దీర్ఘం." లయ నిలిచిందా సడలిందా అన్నది మీరు మూడుచోట్లా లెక్కపెట్టాక చేర్చండి.